వెంచర్ అంటే ప్లాట్లు కాదు

గుడివాడ దగ్గర ఒక పెళ్లి. రెండో బంతిలో కూర్చున్నాం. నా పక్కన పెళ్లికూతురి పెదనాన్న, ఆయన అవతల హైదరాబాద్ నుంచి వచ్చిన తమ్ముడి కొడుకు. "ఏరా, బంగారంలాంటి ఉద్యోగం మానేశావట?" అని పెద్దాయన మొదలుపెట్టాడు. ముగ్గురు స్నేహితులం కలిసి కంపెనీ పెట్టామని, రొయ్యల చెరువులో ఆక్సిజన్ తగ్గగానే రైతు ఫోనుకు కబురు పంపే పరికరం చేస్తున్నామని, వెంచర్ క్యాపిటల్ కోసం తిరుగుతున్నామని కుర్రాడు చెప్పుకొచ్చాడు. పెద్దాయన చెయ్యి పప్పన్నంలోనే ఆగింది. "వెంచరా? ఎటువైపు? ఆదిభట్ల దగ్గరా, చౌటుప్పల్ దగ్గరా? గజం ఎంత పలుకుతోంది?"

నాకు నవ్వొచ్చింది గానీ తప్పు ఆయనది కాదు. హైవే మీద ఏ హోర్డింగ్ చూసినా వెంచర్ అంటే హద్దురాళ్లు పాతిన లేఅవుటే. చేతిలో నాలుగు డబ్బులు మిగిలితే అవి వెళ్లే దారులు మనకు తెలిసినవే: ప్లాటు, బంగారం, చిట్టీ, నూటికి రెండు రూపాయల వడ్డీకి నోటు రాయించుకుని ఇచ్చే అప్పు. వీటన్నిటిలోనూ పట్టుకోవడానికి ఏదో ఒకటి ఉంటుంది. భూమి, బంగారం, సంతకం, కనీసం మధ్యవర్తి. స్టార్టప్ అడిగే డబ్బుకు తాకట్టు లేదు, వడ్డీ లేదు, గడువూ లేదు. పోతే మొత్తం పోతుంది. నిలబడితే వాటా ఉంటుంది.

చిట్టీ పాడి కొట్టు పెట్టుకున్నవాళ్లు మన ప్రతి బజారులోనూ ఉన్నారు. అయితే పాడుకున్నాక కూడా నెలనెలా వాయిదా కట్టాల్సిందే. కిరాణా కొట్టుకు తలుపు తీసిన రోజునే గల్లాపెట్టెలో డబ్బు పడుతుంది కాబట్టి అది సాగుతుంది. వస్తువు తయారవడానికే రెండేళ్లు పట్టే కంపెనీకి ఆ వాయిదాలే ఉరితాడు.

అలాగని మనవాళ్లకు భయం ఎక్కువ అంటే ఒప్పుకోను. సినిమా సంగతి చూడండి. కథ వినీ వినకుండా, హీరో డేట్లు ఉన్నాయన్న ఒక్క మాట మీద ఫైనాన్షియర్లు, డిస్ట్రిబ్యూటర్లు కోట్లు పెట్టడం మనకు కొత్త కాదు. అయిదు పోయినా ఆరోది ఆడితే అన్నీ పూడతాయన్నది వాళ్ల లెక్క. వెంచర్ క్యాపిటల్ లెక్కా అదే. కాకపోతే సినిమా జాతకం శుక్రవారం మార్నింగ్ షోకే తేలిపోతుంది. కంపెనీ జాతకం తేలడానికి పదేళ్లు పట్టొచ్చు. మన డబ్బుకు ధైర్యం ఎప్పుడూ ఉంది. అలవాటు లేనిది ఆ పదేళ్ల ఓపిక.

ఆ ఓపిక ఇక్కడ దొరక్క బయట దొరికిన రోజులున్నాయి. 2005 దీపావళికి బెంగళూరు నుంచి సొంతూరు వెళ్లడానికి బస్సు టికెట్ దొరకని ఫణీంద్ర సామ, ఇద్దరు మిత్రులతో కలిసి 2006లో టికెట్లు అమ్మే రెడ్‌బస్ మొదలుపెట్టాడు. ముగ్గురూ కలిసి వేసుకున్నది అయిదు లక్షలు. దారి చూపిన పెద్దలు బెంగళూరులో దొరికారు, బయటి పెట్టుబడీ అక్కడ ఉండగానే కుదిరింది. 2013లో ఆ సంస్థను ఐబిబో కొనుక్కుంది. తర్వాత 2018లో ఆయనే తెలంగాణ ప్రభుత్వానికి ఇన్నోవేషన్ అధికారిగా వచ్చాడు. తెలుగువాడి కంపెనీ పొరుగూరిలో పెరిగి, అనుభవం మాత్రం ఇంటికి చేరింది.

బాలానగర్ షెడ్ల నుంచి శ్రీహరికోట దాకా

హైదరాబాద్ స్టార్టప్‌ల కథను హైటెక్ సిటీ నుంచి మొదలుపెట్టడం ఒక అలవాటైపోయింది. నేనైతే బాలానగర్ నుంచి మొదలుపెడతాను. 1961లో ఏర్పడిన ఐడీపీఎల్ అనే ప్రభుత్వ మందుల సంస్థ అక్కడ ప్లాంటు పెట్టింది. లాభాల మాట ఎలా ఉన్నా, మందు తయారీ తెలిసిన తరాన్ని అది తయారు చేసింది. అక్కడ పనిచేసి బయటికొచ్చిన కల్లం అంజిరెడ్డి 1984లో పాతిక లక్షల మూలధనంతో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. అదే బాలానగర్‌లో 1970లో పుట్టిన ఎంటార్ అణు, అంతరిక్ష రంగాలకు విడిభాగాలు చేస్తూ ఎదిగింది. సూక్ష్మమైన పని తెలిసిన చేతులు, అంటే లేత్ మీద వెంట్రుకవాసి తేడాను పట్టేవాళ్లు, ఈ నగరంలో అలా పోగయ్యారు. వాళ్లను ఏ సర్వేలోనూ స్టార్టప్ వ్యవస్థ కింద లెక్కపెట్టరు.

2018లో ఇస్రో ఉద్యోగాలు వదిలిన పవన్ కుమార్ చందన, నాగభరత్ డాకా స్కైరూట్‌ను హైదరాబాద్‌లో పెట్టినప్పుడు ఆ చేతుల విలువ బయటపడింది. అయితే రాకెట్‌కు పని తెలిసినవాళ్లు చాలరు, డబ్బు కావాలి. అప్పటికి ప్రైవేటు సంస్థలు సొంతంగా రాకెట్ ఎగరేయడానికి దేశంలో సరైన దారే లేదు. కేంద్రం ఆ తలుపు తీసింది 2020 జూన్‌లో. అంటే తలుపు తెరుచుకుంటుందో లేదో తెలియకముందే ఎవరో ఒకరు చెక్కు రాయాలి. మింత్ర స్థాపకుల్లో ఒకరైన ముకేశ్ బన్సల్ రాశారు. 2021లో కోటీ పది లక్షల డాలర్ల విడతకు ముందు నిలిచినవాళ్లు గ్రీన్‌కో స్థాపకులు అనిల్ చలమలశెట్టి, మహేశ్ కొల్లి. గాలిమరలు, సౌర ఫలకల మీద సంపాదించిన హైదరాబాద్ డబ్బు అది. 2022 నవంబరు 18న విక్రమ్-ఎస్ శ్రీహరికోట నుంచి లేచి 89.5 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లింది. దేశంలో ప్రైవేటు సంస్థ చేసిన తొలి రాకెట్ ప్రయోగం.

ఈ కథలో నాకు రాకెట్ కంటే ఆ చెక్కులే ఆసక్తిగా కనిపిస్తాయి. ఒక కంపెనీని సున్నా నుంచి కట్టినవాడు మరో కంపెనీకి పెట్టుబడి పెడితే, ఎదుటివాడి అబద్ధం, అమాయకత్వం, మొండితనం మూడూ విడివిడిగా గుర్తుపట్టగలడు. జీతాల రోజు ఖాతా ఖాళీగా ఉండటం అంటే ఏమిటో అతనికి చెప్పక్కర్లేదు. భూమి అమ్మిన డబ్బు కోట్లలో ఉన్నా దానికి ఈ కన్ను ఉండదు.

అద్దాల భవనాలు

2015 నవంబరు 5న రతన్ టాటా చేతుల మీదుగా హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ ఆవరణలో స్టార్టప్‌లకు చోటిచ్చే టీ-హబ్ మొదలైంది. 2022 జూన్‌లో రాయదుర్గంలో దాదాపు 5.82 లక్షల చదరపు అడుగుల కొత్త భవనంలోకి మారింది. ఆంధ్రప్రదేశ్‌లో 2025లో రతన్ టాటా పేరుతోనే ఇన్నోవేషన్ హబ్ వచ్చింది. భవనం ఉంటే మంచిదే. ఒంటరిగా గదిలో కూర్చుని కుమిలే కుర్రాడికి తనలాంటివాళ్లు పదిమంది కాఫీ దగ్గర కనిపిస్తారు, అది చిన్న సాయం కాదు. కానీ ప్రారంభోత్సవం ఫొటోలో పడనిది ఒకటుంది: మొదటి కొనుగోలుదారు. 2015లో హైదరాబాద్‌లో పెట్టిన డార్విన్‌బాక్స్ 2022లో, భారీ విలువకు చేరిన స్టార్టప్‌లను పిలిచే పేరుతో చెప్పాలంటే, యూనికార్న్ అయిందంటే, ఉద్యోగుల వివరాలు చూసుకునే తమ సాఫ్ట్‌వేర్‌ను పెద్ద కంపెనీలు కొనేలా చేసుకోగలిగింది కాబట్టి. ఎండియా అనే హైదరాబాద్ పెట్టుబడి సంస్థ అందులో తొలినాళ్లలోనే డబ్బు పెట్టింది. మన ఆసుపత్రులు, మందుల కంపెనీలు, మున్సిపాలిటీలు పక్కవీధి కుర్రాళ్ల సరుకును ఒకసారి వాడి చూస్తే చాలు, సగం సదస్సులు మానేయొచ్చు.

వాటా లెక్క

కొత్తగా కంపెనీ పెట్టినవాళ్లను ఎక్కువగా తికమకపెట్టేది వాటా. నాలుగు కోట్లు విలువ కట్టిన కంపెనీలో ఒకరు కోటి పెడితే విలువ అయిదు కోట్లవుతుంది, వచ్చినవారికి 20 శాతం, స్థాపకులకు 80. తర్వాతి విడతలో మరో 20 శాతం ఇస్తే స్థాపకుల చేతిలో మిగిలేది 60 కాదు, 64. కొత్తవాళ్లకు ఇచ్చే వాటా పాత వాటాదారులందరి నుంచీ తరుగుతుంది. మొదటి విడతలోనే డబ్బుకు మొహం వాచి సగం రాసిచ్చేసిన కంపెనీల వైపు తర్వాత పెద్ద పెట్టుబడిదారు కన్నెత్తి చూడడు, స్థాపకుడికి మిగిలేది ఏమీ లేదని.

ఆ కట్టిన విలువ మీదే 2012లో ఒక గుదిబండ పడింది. వాటాకు న్యాయమైన ధర కంటే ఎక్కువ ఇచ్చారని అధికారి భావిస్తే ఆ తేడాను కంపెనీ ఆదాయంగా లెక్కగట్టి పన్ను వేసే వీలుండేది. రేపటి మీద పెట్టిన డబ్బుకు ఇవాళ్టి ధర ఎలా కడతారన్న వాదన పన్నెండేళ్లు సాగింది. ఏంజెల్ ట్యాక్స్ అని పేరుపడ్డ ఈ నిబంధనను 2024 జులై బడ్జెట్‌లో తీసేశారు. ఈలోగా 2021లో కేంద్రం స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్ పథకం తెచ్చింది. నమూనా తయారీకి 20 లక్షల దాకా గ్రాంటు, మార్కెట్లోకి వెళ్లడానికి 50 లక్షల దాకా సాయం, స్టార్టప్‌లను పెంచే ఇంక్యుబేటర్ల ద్వారా అందేలా పెట్టింది. వాటా అడగని ఆ 20 లక్షల మాట తెలియకుండా మామగారి దగ్గరికి పరిగెత్తినవాళ్లూ ఉన్నారు.

మామగారి డబ్బు వద్దనడం లేదు. చాలా కంపెనీలకు మొదటి ఏంజెల్, అంటే తొలి పెట్టుబడిదారు, అత్తవారింటి నుంచే వస్తాడు. చిక్కల్లా కాగితం లేకపోవడంతోనే. "మన అబ్బాయేగా" అని ఇచ్చిన పది లక్షలు అప్పా, వాటానా, కానుకా అన్నది ఎవరూ మాట్లాడుకోరు. కంపెనీ మునిగితే అది అప్పు అవుతుంది, తేలితే వాటా అవుతుంది, సంక్రాంతికి ఇంటికి వెళ్లలేని పరిస్థితి అయితే రెండు సందర్భాల్లోనూ వస్తుంది.

పెళ్లిలో ఆ కుర్రాడు వాటా సంగతి ఓపికగానే చెప్పాడు. పెద్దాయనకు పన్నెండెకరాల చెరువులున్నాయి. తొంభైల్లో తెల్లమచ్చ తెగులు వచ్చినప్పుడు ఒక్క పంటలో ఉన్నదంతా ఊడ్చుకుపోయినా మళ్లీ నీళ్లు పెట్టిన మనిషి. "అంటే కౌలు కాదు, పాలు అన్నమాట. పంట పోతే నాకేం రాదు," అన్నాడు.

"రాదు పెదనాన్నా."

ఆయన పెరుగన్నం కలుపుకుంటూ కాసేపు మాట్లాడలేదు. ఆకు మడిచి లేస్తూ, "డబ్బు సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ పరికరం ఒకటి తెచ్చి నా పెద్ద చెరువులో దింపు. తెల్లారుజామున మూడింటికి ఫోను మోగిందనుకో, నెలకెంత కట్టాలో అప్పుడు చెప్పు," అన్నాడు.

కుర్రాడు చెయ్యి కడుక్కోకుండానే ఎడంచేత్తో ఫోను తీసి స్నేహితులకు మెసేజ్ కొట్టడం మొదలుపెట్టాడు.