కట్టుడు పండ్లతో భోజనము



నా 68వ యేట పై వరుసయు క్రింది వరుసయు కట్టుడు పండ్లయినవి. వైద్యుడు వానిని నోట నమర్చి అద్దము చేతికిచ్చినప్పుడు, ఇరువది యేండ్ల వయస్సు తగ్గినదని సంతోషించితిని. ఇంటికి వచ్చి విస్తరి ముందు కూర్చుండిన పిమ్మట ఆ సంతోషము నిలువలేదు. వెనుకటి అలవాటు చొప్పున వడియమును ముందు పండ్లతో కొరికితిని. పై వరుస అంగిలిని విడిచి నాలుకపైకి జారెను. మనుమరాలు నవ్వు నాపుకొనలేకపోయెను. నేను పంక్తి నుండి లేచిపోతిని. అది మొదలు పండ్లను పెట్టెలో దాచి, గంజియు మజ్జిగయు త్రాగుచు, పది దినములు గదిలో నొంటరిగా భుజించితిని. దేహమును నీరసించెను, మనస్సును నీరసించెను. ఇట్లు పండ్లను పెట్టెలో దాచిన వారు మఱికొందఱుందురు. ఈ ప్రసంగము వారి కొఱకే.

పండ్లేల జారినవి? సహజ దంతముల వేళ్లు దవడ యెముకలో దిగియుండును. కట్టుడు పండ్లకు వేళ్లు లేవు. పై పలక అంగిలి నంతటిని కప్పి, పలుచని లాలాజలపు పొరవలన నంటుకొని యుండును. తడిసిన రెండు గాజుపలకలు ఒకదాని నొకటి విడువనట్లే. క్రింది పలక కంత చోటు లేదు. అది గుఱ్ఱపు లాడము వలె వంగి, సన్నని చిగురు గట్టుపై కూర్చుండి, నాలుక కదలినప్పుడెల్ల కదలజూచును. ముందు పండ్లతో కొరికినచో, ఏతపు ఒక కొన దిగగా రెండవ కొన లేచునట్లు, పలక వెనుకభాగము లేచును. కొరుకు బలము గూడ సాధారణముగా సహజ దంతముల బలములో సుమారు నాలుగవ వంతే.

ఇది మహాపురుషులకును తప్పలేదు. 1789లో అమెరికా అధ్యక్షపదవి స్వీకరించిన నాటికి జార్జి వాషింగ్టను నోట మిగిలిన సహజ దంత మొక్కటే. ఆయన కట్టుడు పండ్లు కఱ్ఱవని లోకులందురు గాని, అవి నీటిగుఱ్ఱపు దంతముతోను, మనుష్యుల దంతములతోను, లోహముతోను చేయబడినవి. నేటి అక్రిలికు పలకలు వానికంటె ఎంతయో తేలిక. అయినను వేళ్లు వీనికిని లేవు. కావున నేర్చుకొనవలసినది పండ్లు కావు, మన నోరు.

నేను తిరిగి వైద్యుని యొద్దకు పోయి నేర్చుకొన్నవి చెప్పెదను. మొదటి దినములలో నోట నీ రధికముగా నూరును, క్రమముగా తగ్గును. ఆ దినములలో ముద్దపప్పు, మెత్తని యన్నము, ఇడ్డెనలు, బాగుగా నుడికిన కూరలు తినవలెను. చిన్న కబళము తీసికొని, సగము కుడివైపున, సగము ఎడమవైపున నుంచి, రెండు ప్రక్కల నొక్కసారే మెల్లగా నమలవలెను. పండ్లను, రొట్టెలను కొరుకక ముక్కలుగా చేసికొనవలెను. అంగిలి కప్పబడుటచే వేడి తెలియదు. కాఫీని ముందుగా పెదవితో పరీక్షింపవలెను. అట్లే చేపముల్లును, బియ్యపు రాయియు తెలియవు. నువ్వులు, జామగింజలు పలక క్రింద దూరును గనుక భోజనానంతరము పలకలను తీసి కడుగవలెను.

ఒక్కమాట ముఖ్యము. ఇబ్బంది వేఱు, పుండు వేఱు. ఇబ్బందిని కొన్ని వారము లోర్చుకొనవలెను, పుండు నోర్చుకొనరాదు. నే నొకనాడు ఆకురాయి చేతబట్టి పలకను నేనే అరుగదీయబోయితిని. నా భార్య వారించినది. చిగురు ఒరసినచో వైద్యుడే సరిచేయవలెను. ఆయన యొద్దకు పోవుటకు ముందు కొన్ని గంటలు పండ్లు ధరించినచో, ఒరయు చోటు ఎఱ్ఱగా కనబడును. రెండు వారములకును మానని పుండును తప్పక చూపవలెను.

రాత్రివేళ పండ్లను తీసి చల్లని నీట నుంచవలెను. మరుగు నీట వంకర పోవును. తోమునప్పుడు క్రింద నీళ్ల పళ్లెము నుంచినచో జారిపడినను పగులవు. ఏండ్లు గడచిన కొలది దవడగట్టు తరుగును గనుక, వదులైన పలకను మరల సరిచేయింపవలెను.

ఆరు వారములకు నేను మరల పంక్తిలో కూర్చుంటిని. వడియమును నేటికిని ముందు పండ్లతో కొరుకను. వ్రేళ్లతో నలిపి పప్పన్నములో కలుపుకొందును. రుచికి లోటు లేదు. ఇప్పుడు నా విస్తరిలోని వడియములను నలిపి పెట్టునది ఆ మనుమరాలే.