పాత బండికి కొత్త గుండె

ఈసారి యూనియన్ సంచికకు ఏదైనా రాసివ్వమని మన సంపాదకవర్గం మిత్రుడు అడిగినప్పుడు, "కవిత్వం నా వల్ల కాదు, ఇంజన్ల గురించి అయితే రాస్తాను" అన్నాను. "రాయి. కానీ హిస్టరీ వాళ్ళకు కూడా అర్థం కావాలి" అన్నాడు. ఆ షరతుకు ఒప్పుకునే ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను. మరీ తేలిక చేసేశానని మెకానికల్ మిత్రులకు అనిపిస్తే మన్నించాలి.

మా మావయ్యకు 1968 నాటి ఫియట్ 1100 డిలైట్ ఉంది. ప్రీమియర్ వాళ్ళు బొంబాయిలో తయారు చేసిన బండి. ఇదే తరువాత 1974 నుంచి ప్రీమియర్ పద్మిని అయింది. స్టీరింగు పక్కనే గేరు రాడ్డు, ముందు సీటు ఒకటే బెంచీ. 1089 సి.సి. ఇంజను, నలభై పైచిలుకు అశ్వశక్తి. మా అమ్మ పెళ్ళికూతురై దిగింది ఆ బండిలోనే. రెండో సంవత్సరం సెలవుల్లో ఆ బండిని చూస్తూ చూస్తూ నాకొక దుర్బుద్ధి పుట్టింది. దీనిలో ఇప్పటి టర్బో ఇంజను వేసి రేసు ట్రాకు మీద పరుగెత్తిస్తే ఎలా ఉంటుంది?

ఇదేమీ వింత కోరిక కాదు. మద్రాసుకు ఉత్తరాన షోళవరంలో, రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే మీద, ఏళ్ళ తరబడి ఫియట్లూ అంబాసిడర్లూ హెరాల్డులూ పందాలు పరుగెత్తాయి. కొనేందుకు రేసు కార్లు దొరకని ఆ కాలంలో ఉన్న బండినే కోసి, చెక్కి, రేసు బండి చేసుకునేవారు. 1990లో ఇరుంగాట్టుకోట్టై ట్రాకు వచ్చాక ఆ ముచ్చట అక్కడికి మారింది. పాత బండికి కొత్త గుండె పెట్టడమన్నది మన దేశంలో మేస్త్రీల పాతవిద్యే.

ఉన్న ఇంజనుకే టర్బో బిగిస్తే పోలేదా?

చాలామంది నన్నడిగిన మొదటి ప్రశ్న ఇదే. జవాబుకు ముందు టర్బో అంటే ఏమిటో చెప్పాలి. ఇంజను బలం అది తాగే పెట్రోలును బట్టి కాదు, పీల్చే గాలిని బట్టి ఉంటుంది. గాలి ఎంత లోపలికి పోతే అంత పెట్రోలు కాల్చవచ్చు. మామూలు ఇంజను తన ఊపిరితో తానే గాలి పీల్చుకుంటుంది. టర్బో ఇంజనులో మాత్రం సైలెన్సరు గొట్టంలోకి వృథాగా పోయే వేడి పొగ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకు రెండో కొసన ఉన్న ఇంకో చక్రం బయటి గాలిని కుక్కి కుక్కి లోపలికి పంపుతుంది. ఆ చక్రాలు నిమిషానికి లక్ష చుట్లు సునాయాసంగా దాటుతాయి. ఈ ఊహకు స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూషీ 1905లోనే పేటెంటు తీసుకున్నాడు. కార్లలోకి వచ్చేసరికి 1962 అయింది.

గాలిని కుక్కితే వేడెక్కుతుంది. సైకిలు పంపు కొట్టేటప్పుడు అడుగున చెయ్యి పెట్టి చూడండి. ఆ వేడి గాలి లోపలికి పోతే పెట్రోలు వేళ కాని వేళ అంటుకుని పిస్టన్లను సుత్తితో కొట్టినట్టు కొడుతుంది. అందుకని మధ్యలో ఇంటర్‌కూలర్ అనే చిన్న రేడియేటరు పెడతారు. ఇప్పటి ఇంజనులో కంప్యూటరు ఆ తట్టుడును వినిపెట్టి క్షణంలో నిప్పురవ్వ వేళను సర్దుతుంది. మన 1968 ఇంజనుకు ఆ చెవి లేదు. పైగా దాని క్రాంకు షాఫ్టును మోసేవి మూడే బేరింగులు. నలభై గుర్రాలకు గీసిన నడుము మీద వంద గుర్రాల బరువు పెడితే ఏమవుతుందో చెప్పడానికి ఇంజనీరింగు చదవక్కరలేదు.

కాబట్టి ఇంజను మొత్తం మార్చడమే దారి. మేము ఎంచుకున్నది 2017లో వచ్చిన బలేనో ఆర్.ఎస్.లోని బూస్టర్‌జెట్ ఇంజను. 998 సి.సి., మూడే సిలిండర్లు. పాత ఫియట్ దానికంటే పరిమాణంలో చిన్నదే. అయినా 102 అశ్వశక్తి. మెలితిప్పే బలం, అంటే టార్కు, 1700 చుట్ల దగ్గరే 150 న్యూటన్ మీటర్లు అందుకుంటుంది. పాతదానికి ఇందులో సుమారు సగం.

మావయ్య షరతు

సంగతి చెబితే మావయ్య తిట్టలేదు. బీరువాలోంచి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టి, "తీసుకోరా అల్లుడూ. ఒక్కటే మాట. ఎక్కడా కొయ్యకూడదు, చిల్లి పెట్టకూడదు" అన్నాడు.

కొయ్యకుండా ఆ ఇంజను పట్టదని వారం రోజుల కొలతల్లో తేలిపోయింది. ఇంకో సంగతి కూడా అప్పుడే తెలిసింది. 2021 జూలైలో కేంద్ర రవాణా శాఖ వింటేజి బండ్లకు ప్రత్యేకమైన రిజిస్ట్రేషను నియమాలు ప్రకటించింది. యాభై ఏళ్ళు దాటి, అసలు రూపంలోనే ఉండి, చాసిస్‌లో గానీ బాడీలో గానీ ఇంజనులో గానీ పెద్ద మార్పులేవీ జరగని బండికే ఆ గౌరవం. అంటే నేను టర్బో పెట్టిన రోజున మావయ్య బండి యాభై ఏళ్ళ చరిత్ర కాగితం మీద తుడిచిపెట్టుకుపోతుంది.

తాళంచెవి తిరిగి ఇచ్చేశాను. ఆటోనగర్ మేస్త్రీ గారు తుక్కులో ఇంకో డిలైట్ చూపించారు. ఇంజను బిగిసిపోయింది, కాగితాలు లేవు, అడుగు రేకు తుప్పు తినేసింది. ఆ బండిని కొయ్యడం వల్ల ఎవరి జ్ఞాపకమూ చెరగదు. ఈ వ్యాసంలో మొదటి పాఠం ఇదే అనుకోండి. మంచి బండిని చెడగొట్టి రేసు బండి చెయ్యకండి, చెడిన బండిని బాగుచేసి చెయ్యండి.

అడ్డం నిలువైతే

ఇప్పటి చిన్న కార్లలో ఇంజను అడ్డంగా కూర్చుని ముందు చక్రాలను తిప్పుతుంది. ఫియట్‌లో నిలువుగా కూర్చుని వెనుక చక్రాలను తిప్పాలి. కనుక కొత్త ఇంజనును తొంభై డిగ్రీలు తిప్పాలి. తిప్పగానే మూడు చిక్కులు వచ్చిపడ్డాయి.

మొదటిది ఆయిల్ సంపు. దాని లోతైన భాగం సరిగ్గా ముందు సస్పెన్షన్ అడ్డకమ్మీ మీదకు వచ్చింది. సంపు కోసి వేరే ఆకారంలో వెల్డింగు చేయించి, ఆయిలు పీల్చే గొట్టాన్ని కూడా జరపవలసి వచ్చింది. టర్బో బేరింగుల నుంచి ఆయిలు వెనక్కి వచ్చే గొట్టం ఎప్పుడూ కిందికి వాలుగానే ఉండాలి. అక్కడ పంపు ఉండదు, భూమ్యాకర్షణే దిక్కు.

రెండోది గేరుబాక్సు. అడ్డం ఇంజను గేరుబాక్సు ఇక్కడ పనికిరాదు. మేము పాత మారుతి జిప్సీది తీసుకున్నాం. జిప్సీలో ముందు చక్రాలకు శక్తి పంచే ట్రాన్స్‌ఫర్ పెట్టె గేరుబాక్సుకు అంటుకుని ఉండదు, వేరుగా ఉంటుంది. దాన్ని వదిలేస్తే మిగిలేది నిలువు ఇంజనుకు తగిన అయిదు గేర్ల పెట్టె. అయితే ఈ ఇంజను బోల్టు రంధ్రాలూ ఆ పెట్టె రంధ్రాలూ కలవవు. మధ్యలో అడాప్టర్ ప్లేటు కావాలి. మందమైన అల్యూమినియం పలకలో రెండు వరసల రంధ్రాలు. వినడానికి తేలికే. కానీ క్రాంకు షాఫ్టు కేంద్రమూ, గేరుబాక్సు షాఫ్టు కేంద్రమూ ఒకే గీత మీద ఉండాలి. మిల్లీమీటరులో పదో వంతు తేడా వచ్చినా క్లచ్చు అరుస్తుంది, బేరింగు అరుగుతుంది. డయల్ గేజి పెట్టి మూడుసార్లు విప్పి బిగించాం. లాబులో మూడు మార్కుల కోసం చేసిన ప్రయోగం బయట ఇంత ఖరీదైనదని అప్పటిదాకా నాకు తెలియదు.

మూడోది వెనుక ఇరుసు. ఇక్కడ చిన్న లెక్క. ఇంజను టార్కు 150. మొదటి గేరులో సుమారు 3.6 రెట్లు. ఇరుసులో పళ్ళు లెక్కపెడితే 43, 10, అంటే 4.3 రెట్లు. మూడింటినీ గుణిస్తే ఇరుసు మీద పడేది 2300 న్యూటన్ మీటర్లు దాటింది. పాత ఇంజనుతో అది ఇంచుమించు సగం. ఇరుసు మార్చడానికి డబ్బు లేదు. అందుచేత కంప్యూటరులో మొదటి రెండు గేర్లకు టర్బో ఒత్తిడి తగ్గించి పెట్టుకున్నాం. బలం ఉన్నంత మాత్రాన వాడి తీరాలని లేదు గదా!

ఇంజను అడిగిన తాళంచెవి

ఇనుము పని అయ్యాక ఇక అయిపోయిందనుకున్నాం. సగమే అయిందట. పాత ఫియట్‌కు వైర్లు ఎన్నో చేతివేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఈ ఇంజను మాత్రం తన పాత సంసారం మొత్తం పక్కన లేనిదే కదలనంటుంది. తాళంచెవిలోని చిప్పును గుర్తుపట్టే పెట్టె, యాక్సిలరేటరు పెడలు, స్పీడోమీటరు, అన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలి. ఒకటి పలకకపోతే ఇంజను మూగనోము పడుతుంది.

దీనికి రెండు దారులు. విడిగా దొరికే రేసింగ్ కంప్యూటరు కొనడం ఒకటి. కానీ ఈ ఇంజనులో పెట్రోలు నేరుగా సిలిండరులోకే పెద్ద ఒత్తిడితో చిమ్ముతుంది. అలాంటి ఇంజెక్టర్లను నడిపే కంప్యూటరు ఖరీదు మా అంచనాను మించిపోయింది. రెండోది, ప్రమాదంలో దెబ్బతిన్న బండిని మొత్తంగా కొని, దాని వైరింగునంతా ఒక్క వైరు కొయ్యకుండా తెచ్చిపెట్టడం. మేము అదే చేశాం. టర్బో ఒత్తిడి సర్దుబాటు కూడా ఆ కంప్యూటరు లోపలే చేయించాం. ఇంజను విడిగా కొనేవారికి నా సలహా ఏమిటంటే, చవకగా వస్తుందని ఇంజను ఒక్కటే కొనకండి. బండి మొత్తం కొనండి.

ఆగడం

ఇప్పుడు చెప్పబోయేది నా తప్పు. దాచుకోకుండా రాస్తున్నాను.

ఇంజను మొదటిసారి మోగిన రోజు మాకు ఒళ్ళు తెలియలేదు. బ్రేకుల పని ఇంకా మొదలుపెట్టలేదు. ఊరి బయట అమ్ముడుపోని వెంచరు ఒకటి ఉంటే యజమానిని అడిగి, అందులోని సిమెంటు రోడ్డు మీద "ఒక్క చుట్టు" అని బయలుదేరాను. పక్కన మేస్త్రీ గారు. అరవై దాటిందో లేదో, బ్రేకు తొక్కితే పెడలు నేలకు ఆనింది. చక్రం దగ్గర రబ్బరు గొట్టం పగిలిపోయింది. ఆ పాత బండిలో నాలుగు చక్రాలకూ బ్రేకు నూనె ఒకే దారిలో వెళుతుంది. ఒకచోట కారితే నాలుగూ పోయినట్టే. చేతి బ్రేకు లాగి, గేర్లు దించి, చివరకు ఇసుక గుట్టలోకి పోనిచ్చాను. ఎవరికీ దెబ్బ తగలలేదు. అది మా అదృష్టమే గాని నా గొప్ప కాదు. మేస్త్రీ గారు దిగి, చొక్కా దులుపుకుని, "పరుగెత్తడం నేర్పావు గానీ బాబూ, ఆగడం నేర్పలేదు" అన్నారు.

దీని వెనుక ఉన్న లెక్క ఇంటర్మీడియట్ పిల్లలకూ తెలుసు. చలనశక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 900 కిలోల బండి గంటకు 100 కిలోమీటర్లలో ఉంటే దాదాపు 350 కిలోజౌళ్ళు. 140లో ఉంటే 680. వేగం ఒకటిన్నర రెట్లు కూడా కాలేదు, బ్రేకులు మింగవలసిన వేడి మాత్రం రెండింతలు. డ్రమ్ము బ్రేకులు ఆ వేడికి నాలుగు మలుపుల్లో పట్టు వదిలేస్తాయి. ఆ తరువాత ముందు చక్రాలకు డిస్కులు పెట్టాం. ముందూ వెనుకా నూనె దారులు వేరు చేసే జంట మాస్టరు సిలిండరు వేశాం. ఇనుప గొట్టాలతో రోల్ కేజి, రేసు బెల్టులు, మంటలార్పే సిలిండరు ఆ తరువాత. ఇవన్నీ ఇంజనుకంటే ముందు చేయవలసినవి. మేము తలకిందులుగా చేశాం.

చట్టం మాట

ఇలాంటి బండిని రోడ్డు మీద నడపవచ్చా? వీల్లేదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, తయారీదారు నిర్దేశించిన, ఆర్.సి.లో నమోదైన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాటే గట్టిగా చెప్పింది. కనుక మా బండి ట్రాకుకు లారీ మీద వెళుతుంది, లారీ మీదే వస్తుంది. పోటీలో దిగాలంటే మోటారు క్రీడల సమాఖ్య లైసెన్సు ఉండాలి, బండి తనిఖీలో నెగ్గాలి.

చివరి మాట

మొన్న చలికాలంలో కోయంబత్తూరు దగ్గరి కరి మోటార్ స్పీడ్‌వేకు, డబ్బు కట్టి నడుపుకునే రోజున, మా బండిని తీసుకెళ్ళాం. గెలుపోటములు లేవు. నాలుగు చుట్లు తిరిగేసరికి నీళ్ళ వేడి ముల్లు ఎర్ర గీత వైపు జరగడం మొదలుపెట్టింది. రేడియేటరు ఇంకా పెద్దది కావాలన్నమాట. ఆపి, టర్బో చల్లారేదాకా ఒక నిమిషం ఇంజనును నెమ్మదిగా తిరగనిచ్చి, తరువాత కట్టేశాను. మలుపు మలుపుకూ బ్రేకు పెడలు రాయిలా నిలబడింది. ఆ రోజు నాకు అన్నిటికంటే ఎక్కువ సంతోషం ఇచ్చింది వేగం కాదు, అదే.

మావయ్య రైలెక్కి చూడటానికి వచ్చాడు. బండి చుట్టూ తిరిగి, బానెట్ కింద ఉన్న వైర్ల గుంపును చూసి, తల ఊపి, "బాగానే ఉందిరా. మన బండి ఇంటి దగ్గరే ఉందిగా?" అన్నాడు.

ఉంది. ఎక్కడా కొయ్యలేదు, ఒక్క చిల్లీ పెట్టలేదు. ఈ పండక్కి దాని కార్బురేటరు శుభ్రం చేసి పెట్టాలి.