ఛాయాచిత్రపుష్పిక

తాళపత్రగ్రంథమును జేతబట్టిన పరిశోధకుడు మొదట దాని కడపటి యాకును జూచును. కర్త యెవ్వరో, వ్రాసినవా డెవ్వడో, యే సంవత్సరమున వ్రాత ముగిసెనో యచ్చటి పుష్పిక తెలుపును. పుష్పిక లేని గ్రంథమునకు గర్తను నిర్ణయించుటలోని కష్టము చదువరు లెఱిగినదే. 1839లో లోకమునకు వెల్లడియైన ఛాయాచిత్రవిద్య మన యిండ్లలో నెన్నియో పటములను నింపినది గాని, వానిలో బెక్కింటికి బుష్పిక లేదు. పటమును గాపాడుట యెంత ముఖ్యమో, పటములోనివారి పేళ్లను గాపాడుటయు నంత ముఖ్యమని నా యభిప్రాయము.

మా యింట నలుగురు స్త్రీలు వరుసగా గూర్చున్న పటమొకటి గలదు. వెనుక వెలసిన సిరాతో “అమ్మ, పిన్ని, అత్తయ్య, వదిన” అని మాత్రమే యున్నది. వ్రాసినవా రెవ్వరో తెలియదు. మా మేనత్త గుర్తింపగలిగియుండెడిది. వేసవిలో నడుగుదమని నేను జాగు సేయుచుండగనే యామె గతించినది. ఆ నలుగురిలో మా ముత్తవ యెవ్వరో యిప్పుడు చెప్పువారు లేరు.

ఇది సంబంధిశబ్దముల స్వభావము. తల్లి యెడ మెలగవలసిన తీరు చెప్పినప్పుడు, ఎవరి తల్లి యని విప్పి చెప్పకున్నను, వినువాడు తన తల్లినే గ్రహించునని మహాభాష్యమున విచారింపబడినది. చుట్టఱికపు మాట యర్థము పలుకువానిని బట్టి మాఱును. మూడవతరమువాడు చదివిన “అమ్మ” వేఱు. కావున వరుసతోపాటు పేరు, ఇంటిపేరు, ఊరు వ్రాయవలెను. సంవత్సరనామ మొక్కటియు జాలదు. విక్రమ 1940లోను వచ్చినది, 2000లోను వచ్చినది.

వ్రాతకు మెత్తని పెన్సిలు మేలు. పటమును బోర్లించి, అంచున దేలికగా వ్రాయవలెను. బాల్‌పెన్ను నొక్కు ముందువైపునకు దేలును. పెన్సిలు పట్టని ప్లాస్టికుపూత కాగితమైనచో, పటము నుంచు కవరుమీద వ్రాయవచ్చును.

పాత నలుపు తెలుపు పటములలో బెక్కింట రూపము జెలాటిను పొరలోని సూక్ష్మమగు వెండి రేణువులే. కడుగుటలో హైపో మిగిలెనేని యందలి గంధకము వెండితో గలిసి పటము పసుపువన్నె దాల్చును. తేమ తగిలిన జెలాటిను మెత్తబడి చట్రపుటద్దమున కంటుకొనును. అద్దమునకు గుంకుమబొట్టు పెట్టి, దండ వేసి, దీపము వెలిగించు నాచారము గల యింట, చట్రమున బ్రతి నుంచి, మూలమును ఆమ్లరహితమైన కవరులో బొడిచోట దాచుట మంచిది. జిగురుపుటల ఆల్బములు పటములకు హానికరములు.

తాళపత్రములందలి వాఙ్మయము మనవఱకు వచ్చుటకు, ఆకుల గట్టితనము కంటె దరతరమున దిరిగి వ్రాయించుటయే ముఖ్యకారణము. డిజిటల్ ప్రతియు నట్టి పునర్లేఖనమే. పటమును అంగుళమునకు 600 చుక్కల చొప్పున స్కాను చేసి టిఫ్ రూపమున దాచవలెను. జెపెగ్ రూపమును మార్చి మార్చి భద్రపఱచినకొలది గొంత నష్టము గలుగును. వాట్సాపులో మామూలుగా బంపిన ప్రతి కుదింపబడును. వెనుకవైపును గూడ స్కాను చేయవలెను. ఆ వ్రాతయు సాక్ష్యమే. ప్రతులు మూడుండవలెను, అవి రెండువిధముల సాధనములపై నుండవలెను, వానిలో నొకటి వేఱొక యూర నుండవలెను. ఫ్లాపీలను జదువు యంత్రములు నేడెంత యరుదో తలచినచో, కొన్నియేండ్లకొకసారి క్రొత్త సాధనమునకు మార్పవలసిన యావశ్యకత తెలియును. స్కాను చేసితిమని మూలమును బాఱవేయరాదు.

ఉపాధ్యాయపండితులకు నొక మనవి. సెలవులకు బోవు విద్యార్థులను ఇంటిపెద్దలయొద్ద గూర్చుండి, ఒక్కొక్క పటమునకు నెడమనుండి కుడికి వరుసగా బేళ్లు వ్రాసికొనుడని నియోగింపుడు. సందేహమున్నచోట సందేహమనియే వ్రాయవలెను. ఊహను నిశ్చయముగా వ్రాసినచో దరువాతివారు దానినే ప్రమాణముగా గొందురు.

మా పటము కవరుమీద “వీరి పేళ్లు తెలియవు, వెనుకవ్రాత యెవరిదో తెలియదు” అని వ్రాసి, నా పేరును దేదిని జేర్చితిని. ఇతరుల యింట నిట్లు వ్రాయవలసిన యవసరము గలుగకుండుగాక.