మేనల్లుడు కాదు, వెట్టి కూలీ: గాజుల కార్ఖానాల్లో చట్టం ఎక్కడ జారిపోతోంది?

పెళ్లిళ్ల సీజన్ వచ్చిందంటే చార్మినార్ పక్కన లాడ్ బజార్‌లో కాలు పెట్టడానికి చోటుండదు. అక్కడ అమ్మే లక్క గాజు చేతిలోకి తీసుకుని చూస్తే వరసగా చిన్న చిన్న రాళ్లు మెరుస్తుంటాయి. వాటిని అతికింది యంత్రం కాదు. లక్కను కుంపటి మీద వేడి చేసి, మెత్తబడ్డాక సాగదీసి, గుండ్రంగా వంచి, దాని మీద ఒక్కో రాయినీ చేత్తోనే అద్దాలి. సన్నటి వేళ్లు, చురుకైన చూపు ఉంటే పని త్వరగా అవుతుందని యజమానులు చెబుతుంటారు. పిల్లల్ని పెట్టుకోవడానికి వాళ్లు చెప్పే సాకు అది. అసలు కారణం పిల్లవాడు కూలి అడగడు, ఎదురు మాట్లాడడు, పారిపోవడానికి ఊరు తెలియదు.

2015 జనవరిలో హైదరాబాద్ పోలీసులు పాతబస్తీలోని గాజుల కార్ఖానాల మీద దాడులు చేసినప్పుడు రెండు వందల మందికి పైగా పిల్లలు బయటపడ్డారు. వాళ్లలో ఎక్కువ మంది బీహార్ నుంచి వచ్చినవాళ్లు. ఆ తర్వాత ఏటా జనవరిలో 'ఆపరేషన్ స్మైల్', జూలైలో 'ఆపరేషన్ ముస్కాన్' జరుగుతున్నాయి. ఏటా పిల్లలు దొరుకుతూనే ఉన్నారు. విడిపించడం తెలిసిన వ్యవస్థకు మళ్లీ రాకుండా ఆపడం ఎందుకు తెలియడం లేదు? ఈ వ్యాసంలో మనం వెతికేది ఆ ప్రశ్నకు జవాబే.

పల్లెలో తగ్గి, పట్నంలో పెరిగి

ముందు లెక్కలు చూద్దాం. 2001 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 5 నుంచి 14 ఏళ్ల మధ్య బాల కార్మికులు 1.26 కోట్లు. 2011 నాటికి ఆ సంఖ్య 1.01 కోట్లకు తగ్గింది. ప్రభుత్వాలు ఈ తగ్గుదలనే చూపిస్తాయి. కానీ అదే లెక్కల్ని ఊరు, పట్నం అని విడదీసి చూస్తే మరో సంగతి తెలుస్తుంది. పల్లెల్లో 1.14 కోట్ల నుంచి సుమారు 81 లక్షలకు తగ్గితే, పట్టణాల్లో 13 లక్షల నుంచి సుమారు 20 లక్షలకు పెరిగింది. అంటే బాలల చాకిరీ కొంత చేను వదిలి గల్లీలోకి, హోటల్ వంటగదిలోకి, అపార్ట్‌మెంట్ ఇంటిపనిలోకి, చెత్త కుప్ప మీదికి వచ్చింది. చేనులో పిల్లవాడు పదిమందికీ కనిపిస్తాడు. తలుపు వేసిన గదిలో ఎవరికీ కనిపించడు.

పేష్గీ అనే తాడు

గాజుల పనికి వచ్చే పిల్లవాడి ప్రయాణం తెలిసిన మనిషితోనే మొదలవుతుంది. అదే ఊరివాడో పక్క ఊరివాడో అయిన దళారీ ఇంటికొస్తాడు. ఆ ఇంట్లో అప్పటికే జబ్బు వల్లనో, పెళ్లి వల్లనో, పని దొరక్క తిండి కోసమో చేసిన అప్పు ఉంటుంది. దళారీ కొన్ని వేలు చేతిలో పెడతాడు. "పని నేర్చుకుంటాడు, నెలనెలా డబ్బు పంపుతాడు" అంటాడు. ఆ డబ్బే పేష్గీ.

నగరానికి వచ్చాక లెక్క తిరగబడుతుంది. రైలు చార్జీ, తిండి, గది, మందులు అన్నీ పిల్లవాడి ఖాతాలోనే పడతాయి. పనిచేసిన గదిలోనే పడుకుంటాడు. పేరు అడిగితే చెబుతాడు, వయసు అడిగితే మాత్రం నేర్పిన జవాబు 'పద్దెనిమిది' అంటాడు. నెలలు గడిచినా పేష్గీ తీరదు. వెళ్తానంటే "డబ్బు కట్టి వెళ్లు" అంటారు. గదికి గొలుసు లేకపోయినా కదలలేని స్థితి అది. దీనికి మన చట్టంలో ఉన్న పేరు వెట్టి.

ఒంటి మీద, చదువు మీద

గాలి ఆడని గదిలో బొగ్గుల కుంపటి, జిగురు వాసన, రోజంతా గొంతుక్కూర్చుని వంగి చేసే పని. చిన్నపిల్లలు తమ శరీర బరువుతో పోల్చితే పెద్దలకంటే ఎక్కువ గాలి పీలుస్తారు. కాబట్టి అదే గదిలో అదే పొగ వాళ్లకు ఎక్కువ హాని చేస్తుంది. కళ్లు లాగడం, మెడ, నడుము నొప్పులు, వేళ్లకు కాలిన మచ్చలు ఈ పని గుర్తులు. ఎముకలు ఎదిగే వయసులో వంగి కూర్చోవడమూ, నిద్ర చాలకపోవడమూ ఒంటి ఎదుగుదల మీద పడతాయి.

చదువు మీద పడే దెబ్బ ఇంకా దూరం పోతుంది. తొమ్మిదేళ్లకు బడి వదిలిన పిల్లవాడు మూడేళ్ల తర్వాత విడుదలైతే, అప్పటికి చదవడం మరిచిపోయి ఉంటాడు. విద్యాహక్కు చట్టం సెక్షన్ 4 ప్రకారం వయసుకు తగిన తరగతిలో చేర్చి, తోటివాళ్లను అందుకునేలా ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. ఇంకో చిక్కు కూడా ఉంది. ఈ చట్టం 6 నుంచి 14 ఏళ్ల వరకే వర్తిస్తుంది. పదిహేనేళ్లకు దొరికిన పిల్లవాడికి ఉచిత నిర్బంధ విద్య హక్కు ఉండదు. అతన్ని ప్రమాదకరం కాని పనిలో పెట్టుకోవడాన్ని బాల కార్మిక చట్టమూ నిషేధించదు. ఒక చట్టం బడి తలుపు మూస్తుంటే, ఇంకొకటి కార్ఖానా తలుపు తెరుస్తోంది.

చట్టంలోనే ఉన్న 'మామ'

1986 నాటి బాల కార్మిక చట్టాన్ని 2016లో సవరించారు. పద్నాలుగేళ్లలోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టకూడదన్నారు. ఇది మంచి మార్పే. కానీ వెంటనే ఒక మినహాయింపు పెట్టారు. బడి వేళలు అయ్యాక, సెలవుల్లో, పిల్లలు 'కుటుంబ సంస్థ'కు సాయం చేయవచ్చన్నారు. కుటుంబం అంటే ఎవరు? చట్టం ఇచ్చిన వివరణలో అమ్మ, నాన్న, తోబుట్టువులతో పాటు మేనమామ, మేనత్త, చిన్నాన్న, పెదనాన్న, పిన్ని, పెద్దమ్మ కూడా ఉన్నారు.

దాడి జరిగిన రోజు యజమాని నోటి నుంచి వచ్చే మొదటి మాట ఇదే: "వీడు మా అక్క కొడుకు." బీహార్‌లోని తల్లిదండ్రులకు అప్పటికే ఫోన్ వెళ్లి ఉంటుంది. వాళ్లూ అవునంటారు. అప్పు ఇచ్చినవాడిని కాదనలేరు కదా.

ఇక్కడ కార్యకర్తలు తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. 2017లో వచ్చిన నిబంధనలు ఈ మినహాయింపును బాగా బిగించాయి. ఆ పని వల్ల పిల్లవాడికి గానీ కుటుంబానికి గానీ సంపాదన రాకూడదు. బడి వేళల్లో చేయకూడదు. రాత్రి 7 నుంచి ఉదయం 8 వరకు చేయకూడదు. విశ్రాంతి కాకుండా రోజుకు మూడు గంటలు దాటకూడదు. కాబట్టి అతను నిజంగా మామే అయినా, అమ్మకానికి గాజులు చేయించే గది ఈ మినహాయింపు కిందికి రాదు. చుట్టరికం రుజువు చేయడంతో కేసు ముగిసిపోదని అధికారులకు మనమే గుర్తుచేయాలి.

పేదరికం ఒక్కటే కారణమా?

"పేదరికం ఉన్నంత కాలం బాల కార్మికులు ఉంటారు" అనే మాట మనం వింటూనే ఉంటాం. అమెరికా రాజకీయ శాస్త్రవేత్త మైరన్ వీనర్ 1991లో ప్రచురించిన పుస్తకంలో దీన్ని ప్రశ్నించాడు. మనకంటే పేదగా ఉన్న దశలోనే చాలా దేశాలు పిల్లల్ని బడికి పంపడం తప్పనిసరి చేశాయని, ఇక్కడ అడ్డుపడింది చదువుకునేవాళ్లు వేరు, చేతిపని చేసేవాళ్లు వేరు అనే పైవర్గాల నమ్మకమని అతని వాదన. అంబేడ్కర్ 1936లోనే 'కుల నిర్మూలన'లో కులం అంటే పని విభజన మాత్రమే కాదు, పనిచేసేవాళ్ల విభజన అని తేల్చి చెప్పాడు. బాల కార్మికుడు ఆ విభజనలో అట్టడుగున ఉన్నాడు.

2011 లెక్కల్లో దేశ అక్షరాస్యత 73 శాతం ఉంటే, ఎస్సీల్లో 66 శాతం, ఎస్టీల్లో 59 శాతం ఉంది. భూమి లేకపోవడం, బ్యాంకు అప్పు పుట్టకపోవడం, బడిలో అవమానం ఇవన్నీ ఒకే ఇంట్లో కలిసినప్పుడు దళారీ పని సులువవుతుంది. అతను ఊళ్లో ఏ వాడకు వెళ్లాలో అతనికి బాగా తెలుసు.

పేదరికం పోకముందే పిల్లల్ని బడికి తేవచ్చని మన నేల మీదే రుజువైంది. 1990ల నుంచి రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషన్, శాంతా సిన్హా నాయకత్వంలో, 'బడిలో లేని ప్రతి బిడ్డా బాల కార్మికుడే' అనే సూత్రంతో పనిచేసింది. చదువు ఆగిపోయిన పిల్లల్ని శిబిరాల్లో సిద్ధం చేసి బడికి పంపింది. ఆ ఇళ్లు ధనవంతమయ్యే దాకా ఆగలేదు.

ఏ చట్టం రాస్తారన్నదే అసలు ప్రశ్న

దాడి తర్వాత కేసు కేవలం బాల కార్మిక చట్టం కింద నమోదైతే ఏమవుతుంది? మొదటి నేరానికి ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా జైలు, లేదా 20 వేల నుంచి 50 వేల దాకా జరిమానా, లేదా రెండూ. జరిమానాతో బయటపడే దారి యజమానికి ఉంది. పిల్లవాడిని రైలెక్కించి ఇంటికి పంపుతారు. కానీ ఇంటి దగ్గర పేష్గీ అలాగే ఉంటుంది. దళారీ గుమ్మంలో నిలబడతాడు. వాడు వెళ్లకపోతే తమ్ముడు వెళ్లాలి.

1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం ఈ తాడును తెంచుతుంది. ఆ చట్టం కింద వెట్టి అప్పులన్నీ రద్దయినట్టే. అది వెట్టి అప్పు కాదని నిరూపించే భారం అప్పిచ్చినవాడి మీదే ఉంటుంది. కనీస వేతనం కంటే తక్కువకు పనిచేయించడం రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన బలవంతపు చాకిరీయేనని సుప్రీంకోర్టు 1982లో ఏషియాడ్ కార్మికుల కేసులో చెప్పింది. బలవంతపు చాకిరీ అని తేలితే, దాని వెనక అడ్వాన్సు ఉందనే భావించాలని 1983లో బంధువా ముక్తి మోర్చా కేసులో చెప్పింది. పేష్గీకి రాత కాగితం లేదనే సాకు అక్కడితో చెల్లదు.

వెట్టిచాకిరీ అంటే ఏమిటో చెప్పే నిర్వచనంలో ఆ చట్టం ఇంకో మాట కూడా రాసింది. ఒక కులంలో పుట్టిన కారణంగా చేయాల్సి వచ్చే చాకిరీ కూడా వెట్టే. పార్లమెంటు 1976లోనే ఒప్పుకున్న ఈ నిజాన్ని నేటి పంచనామాల్లో ఎందుకు రాయరు?

వెట్టి నుంచి విముక్తుడైనట్టు అధికారి ఇచ్చే విముక్తి పత్రం పిల్లవాడి చేతికి వస్తేనే కేంద్ర పునరావాస పథకం తలుపు తెరుచుకుంటుంది. 2016 పథకంలో పిల్లలకు 2 లక్షలు, అక్రమ రవాణా వంటి తీవ్రమైన కేసుల్లో 3 లక్షల సాయం ఉంది. ఆ పత్రం లేకపోతే పిల్లవాడికి దక్కేది రైలు టికెట్టే.

కులం గడి ఖాళీగా వదలొద్దు

పిల్లవాడు ఎస్సీ లేదా ఎస్టీ అయి, యజమాని కాకపోతే, అత్యాచారాల నిరోధక చట్టం సెక్షన్ 3(1)(హెచ్) వర్తిస్తుంది. వెట్టి చేయించడం ఈ సెక్షన్ కింద నేరం. అప్పుడు దర్యాప్తు చేసే అధికారి స్థాయి, ప్రత్యేక కోర్టు, ఉపశమన సాయం అన్నీ మారతాయి. కానీ ఇదంతా కులం నమోదైతేనే. 'బీహార్ పిల్లలు' అని ఒకే ముద్ర వేసి పంపితే, వాళ్లెవరి పిల్లలన్నది ఫైల్లో కనిపించదు. కులం కనిపించకుండా చేయడం కూడా యజమానికి లాభమే.

మనం చేయగలిగింది

విద్యార్థి సంఘాలూ, బస్తీ కార్యకర్తలూ దాడి జరిగిన రోజు ఫొటోతో ఆగకుండా ఆ తర్వాత కూడా వెంట ఉండాలి. బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరైనప్పుడు ఐదు ప్రశ్నలు అడగాలి. ఎఫ్ఐఆర్‌లో వెట్టిచాకిరీ చట్టం, జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 79 ఉన్నాయా? దళారీని నిందితుడిగా చేర్చారా? పిల్లవాడి కులం, సొంత ఊరు నమోదు చేశారా? విముక్తి పత్రం ఎప్పుడిస్తారు? రావాల్సిన కూలి బకాయి ఎవరు లెక్క కట్టారు? వీటిలో సమాచార హక్కు కింద అడగగలిగినవి అడగాలి. పిల్లల పేర్లు, ఫొటోలు మాత్రం ఎక్కడా బయటపెట్టకూడదు. తలుపు వేసిన గదిలో పిల్లలు పనిచేస్తున్నారని అనుమానం వస్తే 1098కి ఫోన్ చేయాలి.

గాజుల పని తప్పు కాదు. అది ఎన్నో తరాల నైపుణ్యం, ఎన్నో పేద ముస్లిం ఇళ్లకు బతుకుతెరువు. ఆ ఇళ్లలోని పెద్దలకు సరైన కూలి గిట్టకుండా చేస్తున్నది కూడా పిల్లల చౌక చాకిరీయే. కాబట్టి ఇది బీహార్ దళిత పిల్లవాడికీ, పాతబస్తీ కార్మికుడికీ మధ్య తగువు కాదు. ఇద్దరి కూలినీ మింగుతున్నవాడి మీద ఇద్దరూ కలిసి చేయాల్సిన పోరాటం. పిల్లవాడిని రైలెక్కించే ముందు అతని చేతిలో ఆ విముక్తి పత్రం ఉందో లేదో చూడటంతో అది మొదలు కావాలి.