పాత డెస్క్‌టాప్ ఫ్రీయే, కరెంటు కాదు: ఓపెన్ సోర్స్ రౌటర్‌కి ఏ బాక్స్ తీసుకోవాలి?

నేను తార్నాకలో ఉంటాను కాబట్టి ఉదాహరణ కూడా ఇక్కడిదే తీసుకుంటాను. ఓయూ క్యాంపస్ చుట్టుపక్కల ముగ్గురు నలుగురు స్టూడెంట్స్ కలిసి ఒక పోర్షన్ అద్దెకి తీసుకుని, ఒకే ఫైబర్ కనెక్షన్ పంచుకుంటారు. ఒకళ్లు పెద్ద ఫైల్ అప్‌లోడ్ పెట్టారంటే, పక్క గదిలో ఇంకొకళ్ల ఆన్‌లైన్ ఇంటర్వ్యూ తడబడుతుంది. లైన్‌లో ప్యాకెట్ల క్యూ పెరిగిపోవడం వల్ల వచ్చే తిప్పలివి. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీలో ఎస్‌క్యూఎం అని ఒకటుంది, అది ఈ క్యూని పెరగనివ్వదు. సరే, దాన్ని దేని మీద నడపాలి?

చాలామంది మూలన పడున్న పాత డెస్క్‌టాప్ తీసి, రెండో ల్యాన్ కార్డు పెట్టి, ఓపీఎన్‌సెన్స్ వేసేస్తారు. బాక్స్ ఊరికే వచ్చింది కదా అని! కానీ రౌటర్ రోజుకి 24 గంటలూ ఆన్‌లో ఉండే వస్తువు. ఆ డెస్క్‌టాప్ 60 వాట్లు లాగుతుందనుకోండి, నెలకి 43 యూనిట్లు. యూనిట్ 8 రూపాయలు వేసుకున్నా ఏడాదికి 4,200 రూపాయలు. ఇంకో మాట. 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద అర్హత ఉన్న ఇళ్లకి నెలకి 200 యూనిట్ల దాకా కరెంటు ఫ్రీ కదా. 200 దాటితే ఆ నెల బిల్లు కట్టాల్సిందే. 170 యూనిట్ల దగ్గర ఆగే ఇంటిని ఈ ఒక్క డబ్బా గీత దాటించేస్తుంది. అదే 5 వాట్ల చిన్న రౌటర్ అయితే నెలకి నాలుగు యూనిట్లు కూడా కాదు. అన్నట్టు, అడాప్టర్ మీద రాసి ఉండేది అది ఇవ్వగలిగే గరిష్ఠం మాత్రమే. నిజంగా ఎంత లాగుతుందో ప్లగ్ మీటర్ పెట్టి చూడండి.

మీ ప్లాన్ 100 ఎంబీపీఎస్ అయితే మామూలు రౌటర్ చాలు. కాకపోతే ఫ్లాష్ 16 ఎంబీ, ర్యామ్ 128 ఎంబీ ఉండాలి. టీపీ-లింక్ 841ఎన్ అని సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా వస్తుంది చూడండి, దాని చాలా వెర్షన్లలో 4 ఎంబీ ఫ్లాష్, 32 ఎంబీ ర్యామే. ఇప్పటి ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ దాని మీద ఎక్కదు. అదే కంపెనీ ఆర్చర్ సీ6 వెర్షన్ 3లో 16, 128 రెండూ ఉన్నాయి. ఇక్కడే జాగ్రత్త: పేరు ఒకటే ఉన్నా వెర్షన్ మారితే లోపల చిప్పే మారిపోవచ్చు. సికింద్రాబాద్ సీటీసీకి వెళ్లినా, ఆన్‌లైన్‌లో కొన్నా, కింద స్టిక్కర్ మీద వెర్షన్ చూసి, ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ హార్డ్‌వేర్ టేబుల్‌లో వెతికాకే డబ్బులివ్వండి.

500 ఎంబీపీఎస్ పైన ఎస్‌క్యూఎం కావాలంటే చిన్న రౌటర్ సీపీయూ సరిపోదు. హార్డ్‌వేర్ ఆఫ్‌లోడ్ ఆన్ చేస్తే స్పీడ్ వస్తుంది గానీ, ప్యాకెట్లు ఎస్‌క్యూఎంని తప్పించుకుని పోతాయి. అప్పుడు రెండు ల్యాన్ పోర్టులున్న ఇంటెల్ ఎన్100 మినీ పీసీ బాగుంటుంది. ఆ చిప్ టీడీపీ 6 వాట్లే, బాక్స్ మొత్తం కలిపి పది వాట్లు వేసుకోండి. ఓపీఎన్‌సెన్సే కావాలన్నా దారి ఇదే, అది 64 బిట్ ఎక్స్86 మీదే నడుస్తుంది. రాస్ప్‌బెర్రీ పై 4 గురించి కూడా అడుగుతుంటారు. దానికి ఉన్నది ఒక్క ల్యాన్ పోర్టే. యూఎస్‌బీ అడాప్టర్, కేసు, మెమరీ కార్డు అన్నీ కలిపితే చవకన్న మాట పోతుంది. నేనైతే వద్దంటాను.

వాట్లు తక్కువైతే ఇంకో లాభం కూడా ఉంది. 12 వోల్టుల చిన్న యూపీఎస్ ఒకటి పెడితే, కరెంటు పోయినా రౌటర్, ఫైబర్ బాక్స్ రెండూ నడుస్తాయి. కొనేముందు రెండింటి అడాప్టర్ల మీద వోల్టేజీ చూసుకోండి, కొన్ని 9 వోల్టులవి ఉంటాయి. ఇన్‌స్టాల్ చేసే పద్ధతి వచ్చే ఎపిసోడ్‌లో చూద్దాం. ఉంటానండీ.