మిగిలిన మాంసము - మరల వేడిచేయుట

పెనముపైనో నిప్పులపైనో కాల్చిన మందపు గొడ్డుమాంసపు ముక్కను అమెరికాలో 'స్టేక్' అందురు. రాత్రి మిగిలినదానిని మరునాడు వేడిచేసి తినుట అక్కడి ఇండ్లలో మామూలే. బాగుగా వేడిచేసినచో ఏ దోషమైనను పోవునని పలువురి నమ్మకము. ఇది సగమే నిజము.

వేడికి సూక్ష్మజీవులు చచ్చును. కాని స్టాఫిలోకాకస్ ఆరియస్ అను సూక్ష్మజీవి వండినవారి చేతులనుండి మాంసమునకు అంటి, గది వెచ్చదనములో పెరుగుచు ఒక విషమును విడుచును. అరగంటసేపు మరిగించినను ఆ విషము పూర్తిగా నశింపదు. కనుక అసలు జాగ్రత్త వండిన వెనువెంటనే పడవలెను. 2 గంటలలోపున రిఫ్రిజిరేటరులో, 4 డిగ్రీల సెంటిగ్రేడుకు మించని చల్లదనమున ఉంచి, 3, 4 దినములలో ముగింపవలెనని అమెరికా వ్యవసాయశాఖ సలహా. మరల వేడిచేయునపుడు ముక్క నడుమ కూడ 74 డిగ్రీలు చేరవలెను.

ఇక రుచి మాట. మరునాటి మాంసమునకు ఒక పాతవాసన వచ్చును గదా! కండకు ఎఱ్ఱదనమునిచ్చు మయోగ్లోబిన్‌లోని ఇనుము ఉడుకునపుడు వెలువడి, కణపొరలలోని క్రొవ్వు ఆక్సిజన్‌తో కలియుటను త్వరపరచును. ఆ వాసన దానిదే. గాలి తగులకుండ గట్టిగా చుట్టి ఉంచినచో తగ్గును. రెండవమారు వేడి తగిలిన కండ మరింత బిరుసెక్కును. పలుచగా కోసి, చల్లగానే రొట్టెముక్కల నడుమ పెట్టుకొని తినువారిదే తెలివి.