పక్షవాత చికిత్స తర్వాత నెత్తురు ఏమి చెబుతుంది?

శరీరపు బరువులో మెదడు నూటికి రెండు పాళ్లు మాత్రమే. అయినా మనం వినియోగించే ప్రాణవాయువులో సుమారు ఐదవ వంతు దానికే కావాలి. మెదడుకు పోయే రక్తనాళంలో గడ్డ అడ్డుపడినప్పుడు గాని, నాళం చిట్లినప్పుడు గాని పక్షవాతం వస్తుంది. మొదటి రకమే ఎక్కువ. దానికి చికిత్స జరిగిన మరునాడు బంధువులు అడిగే ప్రశ్న ఒక్కటే: “మళ్ళీ లేచి నడుస్తారా? మాట వస్తుందా?” ఇందుకు రక్తపరీక్ష జవాబు చెప్పగలదా అని విచారించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

రక్తంలోని స్వల్ప పదార్థాలను కొలిచే విద్యలో ఒక తెలుగువాని పేరు చిరస్మరణీయం. భీమవరంలో జన్మించిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి, నీలిరంగు గాఢతను బట్టి భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. వారి పరిశోధనలే 1929లో ఏ.టి.పి.ని వెలికితీశాయి. కణంలో పనులన్నిటికీ శక్తినందించే పదార్థమిదే. రక్తప్రసారం ఆగిన నాడీకణంలో ఇది నిమిషాలలోనే అడుగంటుతుంది. అప్పుడు కణపు పొర అదుపు తప్పి, కాల్షియం లోనికి చొరబడి, కణం నశిస్తుంది. పెద్ద నాళం మూసుకుపోతే నిమిషానికి 19 లక్షల నాడీకణాలు నశిస్తాయని 2006లో డాక్టర్ జెఫ్రీ సేవర్ లెక్కకట్టారు.

గడ్డను కరిగించే ఆల్టిప్లేస్ అనే మందును అమెరికాలో 624 మంది రోగులపై పరీక్షించి, ఫలితాలను 1995లో ప్రకటించారు. మూడు గంటలలోపు అది అందినవారు, మూడు నెలల తర్వాత వైకల్యం లేకుండా గాని స్వల్ప వైకల్యంతో గాని ఉండే అవకాశం కనీసం 30 శాతం హెచ్చు. అయితే మెదడులో ప్రమాదకరమైన రక్తస్రావం 0.6 శాతం నుండి 6.4 శాతానికి పెరిగింది. 1996లో ప్రభుత్వ ఆమోదం లభించింది. నాళంలోనికి సన్నని గొట్టం పంపి గడ్డను లాగివేసే పద్ధతి 2015లో రుజువైంది.

నశించిన కణాల ప్రోటీనులు మెల్లగా నెత్తురులోనికి చేరుతాయి. నాడీకణపు తంతువులకు ఆకృతినిచ్చే న్యూరోఫిలమెంట్ వాటిలో ఒకటి. దీనిని పికోగ్రాములలో, అంటే గ్రాములో లక్ష కోటివ వంతులలో కొలుస్తారు. పక్షవాతం తర్వాత రోజుల తరబడి పెరిగే ఈ ప్రోటీను ఎంత ఎక్కువైతే కోలుకోవడం అంత కష్టమని అనేక పరిశీలనలు సూచిస్తున్నాయి. కాని వయసుతోను, మూత్రపిండాల జబ్బుతోను కూడా ఇది పెరుగుతుంది. పైగా గాయం ఎంతటిదో సూచిస్తుందే గాని, ఎక్కడ తగిలిందో చెప్పదు. మాటను నడిపే చోట చిన్న గాయమైనా మనిషిని మూగను చేయవచ్చు.

సూచిక వేరు, కారణం వేరు అన్న సంగతి కూడా గమనింపదగినది. రక్తంలో చక్కెర హెచ్చుగా ఉన్న రోగులు తక్కువగా కోలుకుంటారని చాలాకాలంగా తెలుసు. మరి ఇన్సులిన్‌తో దానిని గట్టిగా తగ్గిస్తే? అమెరికాలో 1,151 మందిపై జరిపి 2019లో ప్రకటించిన పరిశోధనలో అదనపు మేలు కనిపించలేదు. చక్కెర మరీ పడిపోయే ప్రమాదం మాత్రం పెరిగింది. పొగను విసిరినంత మాత్రాన నిప్పు ఆరదు కదా!

కనుక ఒక్క అంకెను చూసి ఆశ వదులుకోరాదు. రోగి వయసు, మెదడు చిత్రాలు, మరునాటికి కాలూ చేయీ ఎంత కదులుతున్నాయన్న వైద్యుని పరీక్ష, ఇవన్నీ కలిపి చూడాలి.

మొదటి గంటలో రక్తపరీక్షల కోసం ఆగడం కూడా తగదు. అమెరికన్ మార్గదర్శకాల ప్రకారం, ఆల్టిప్లేస్‌కు ముందు రోగులందరికీ తప్పక చూడవలసినది చక్కెర ఒక్కటే. అది పడిపోయినా పక్షవాతంలాగే కనిపిస్తుంది గనుక. రక్తం పలుచబడే మందులు వాడేవారికి మాత్రం మరికొన్ని పరీక్షలు అవసరం.

స్వదేశం నుండి వచ్చిన మన తల్లిదండ్రుల మందుల జాబితా ఇంట్లో సిద్ధంగా ఉంచుదాం. మూతి వంకరపోయినా, మాట ముద్దగా వచ్చినా, చేయి వాలిపోయినా వెంటనే 911కు ఫోను చేసి, ఆఖరుసారి బాగుండగా చూసిన వేళ చెప్పాలి. ఇన్సూరెన్సు లేదని జంకి తెల్లవారేదాకా ఆగవద్దు. డబ్బు ఊసెత్తక ముందే అత్యవసర రోగిని పరీక్షించి, స్థిమితపరచాలని 1986 నాటి చట్టం ఆసుపత్రులను శాసిస్తున్నది. నెత్తురు చెప్పేది జరిగిపోయిన నష్టం. దానిని తగ్గించే అవకాశం ఆ తొలి నిమిషాలలో మన చేతిలోనే ఉన్నది.